మేము కాదు, మనం

కుష్ఠురోగుల మధ్య బతికిన కతోలిక గురువు పునీత దామియన్ జీవితాన్ని పిల్లలకు చెప్పేటప్పుడు ముందు కాస్త వ్యాకరణం చెప్పాలి. ‘మేము’ అన్నప్పుడు ఎదుటివారు అందులో చేరరు. ‘మనం’ అన్నప్పుడు చేరతారు. ఐదేళ్ల తెలుగు పిల్లలు కూడా ఇందులో పొరపడరు. ఆయన ప్రసంగించిన హవాయి భాషలోనూ ఈ తేడా ఉంది: ‘మాకోవు’ అంటే మేము, ‘కాకోవు’ అంటే మనం.

ఆయన 1840లో బెల్జియంలోని త్రెమెలోలో రైతు కుటుంబంలో పుట్టారు. మతసేవకు హవాయి వెళ్లవలసిన అన్న జబ్బుపడితే, బదులుగా తానే ఓడెక్కి 1864లో అక్కడ దిగారు.

అప్పటికే ఆ దీవుల్లో కుష్ఠు వ్యాపిస్తోంది. ఈ జబ్బు ఒక సూక్ష్మక్రిమి వల్ల వస్తుంది. అది నరాలను దెబ్బతీస్తే చర్మానికి స్పర్శ పోతుంది. ఈనాడు ఆరు నెలలో, ఏడాదో మందులు వాడితే నయమవుతుంది. ఆనాడు మందు లేదు, భయమే ఉంది. 1865లో హవాయి రాజ్యం చట్టం చేసి, రోగులను మొలొకాయి దీవిలో ఒక మూలకు పంపింది. అక్కడ మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు నిట్టనిలువు కొండ. బిడ్డలను తల్లుల నుంచి విడదీసిన చట్టమది.

1873 మే 10న దామియన్ అక్కడికి చేరారు. ఉండటానికి ఇల్లు లేక, మొదటి రాత్రులు మొగలి జాతి చెట్టు కింద పడుకున్నారు. పుండ్లు కడిగి కట్లు కట్టారు. ఇళ్లు కట్టారు, గొట్టాలు వేసి నీళ్లు తెప్పించారు, శవపేటికలు చేశారు, గోతులు తవ్వారు. రోగులు తినే చేమదుంప ముద్దను వారి గిన్నెలోనే చెయ్యి పెట్టి తిన్నారు. పిల్లలకు ఈ చివరి సంగతి నిదానంగా చెప్పాలి. సేవ దూరం నుంచీ చేయవచ్చు, పొత్తున తినడం దగ్గర కూర్చుంటేనే కుదురుతుంది.

తనకు జబ్బు సోకిందని తెలిసిన రోజున ఆయన ‘కుష్ఠురోగులమైన మనం’ అంటూ ప్రసంగం మొదలుపెట్టారని చాలామంది చెబుతారు. తేదీలు అందుకు ఒప్పుకోవు. వచ్చిన కొన్ని నెలలకే, తాను అలాగే సంబోధిస్తున్నానని ఆయన అన్నకు ఉత్తరం రాశారు. జబ్బు బయటపడింది 1884 చివర్లో. వేడినీళ్లలో కాలు పెడితే చర్మం బొబ్బలెక్కింది గాని, నొప్పి తెలియలేదు. అంటే ‘మనం’ పదకొండేళ్లు ముందే వచ్చింది.

1889 ఏప్రిల్ 15న, 49 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మొదట నిద్రపోయిన చెట్టు కిందే పాతిపెట్టారు. 1936లో దేహాన్ని బెల్జియం తీసుకుపోయారు. 2009లో పోపు ఆయనను పునీతునిగా ప్రకటించారు. అంతకు ముందే, 1995లో, కుడిచేతి అవశేషాలు మొలొకాయికి తిరిగి వచ్చాయి. పుండ్లు కడిగిన ఆ చెయ్యి ఇప్పుడు పాత సమాధిలోనే, తనవాళ్ల మధ్య ఉంది.