ఎలుక కిడ్నీలో సున్నం

బోరు నీళ్లు కాచీ కాచీ గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. మేడ్చల్, శామీర్‌పేట ఇళ్లలో ఇదేం కొత్త సంగతి కాదు. కిడ్నీకీ అలా సున్నం పట్టొచ్చు. రాయిలా ఒకచోట ముద్దకట్టదు. కణజాలంలోనే పొడిపొడిగా పేరుకుంటుంది.

శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో వైద్య పరిశోధనకు కావలసిన జంతువుల కోసం భారత వైద్య పరిశోధన మండలి ఒక జాతీయ కేంద్రాన్నే పెట్టింది. అలాంటి చోట మందుకన్నా ముందు చూసుకోవలసింది దాణా. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు ఆద్యుడైన రాబర్ట్ మెక్‌కారిసన్, 1920ల్లోనే కూనూర్‌లో తిండి మార్చి ఎలుకల మూత్రాశయంలో రాళ్లు పుట్టించాడు. అది కావాలని చేసిన పని. తర్వాతిది ఎవరూ అనుకోనిది.

1970ల్లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రయోగశాల ఎలుకలకు ఏఐఎన్-76 అనే ప్రామాణిక దాణా రూపొందించారు. తిన్న ఎలుకలు బాగానే పెరిగాయి. తీరా కిడ్నీని పల్చగా కోసి, వెండి లవణంతో రంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద పెడితే, పై భాగం లోపలి భాగంతో కలిసేచోట నల్లటి మచ్చలు. కాల్షియం ఫాస్ఫేట్! అదీ ఎక్కువగా ఆడ ఎలుకల్లో. ఏ మందూ ఎక్కించని ఎలుకల సంగతి ఇది.

ఎవరికైనా ముందు కాల్షియం మీదే అనుమానం పోతుంది. అసలు దోషి ఫాస్ఫరస్. దాణాలో కాల్షియంతో పోలిస్తే అది ఎక్కువైంది. మిగులు ఫాస్ఫేట్ మూత్రం దారినే పోవాలి. పోతూ పోతూ సన్నటి నాళాల్లో కాల్షియంతో జతకట్టి గడ్డకడుతుంది. 1993లో కొత్త దాణా వచ్చింది: కిలోకు కాల్షియం 5 గ్రాములు, ఫాస్ఫరస్ 3 గ్రాములు. బెడద చాలావరకు తగ్గింది.

మెగ్నీషియం తగ్గినా ఇదే తంటా. విటమిన్ బి6 కొరవడితే ఆక్సలేట్ పెరిగి స్ఫటికాలు కడతాయి. ఇక విటమిన్ డి మితిమీరిందా, పేగు నుంచీ ఎముక నుంచీ కాల్షియం రక్తంలోకి వచ్చిపడుతుంది. కొన్ని దేశాల్లో ఎలుకలను చంపే మందు ఈ డితోనే చేస్తారు.

కోళ్ల ఫారాల వాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. గుడ్లకోళ్ల దాణాలో కాల్షియం 4 శాతం దాకా ఉంటుంది; అదే కోడిపిల్లలకు వేస్తే కిడ్నీలు దెబ్బతింటాయి.

ఎలుకకు జరిగిందంతా మనిషికీ జరుగుతుందని కాదు. కానీ డి విషయంలో మన కిడ్నీకీ మినహాయింపు లేదు. 60,000 యూనిట్ల మాత్ర వారానికొకటని డాక్టరు రాస్తే, దయచేసి రోజుకొకటి వేసుకోకండి.