సీసా విప్పకయే విషమును తెలుపు వెలుగు

2024 జూన్ మాసమున తమిళనాడులోని కళ్ళకురిచ్చిలో నాటుసారా త్రాగి 60 మందికి పైగా మరణించిరి. పెక్కురు కూలిపని చేసికొని బ్రతుకువారు. ఆ సారాలో మిథైల్ ఆల్కహాలు కలిసియున్నది. ఇట్టి దుర్ఘటన జరిగినప్పుడెల్ల జనులు వేయు ప్రశ్న ఒకటి కలదు: త్రాగువారికి ముందుగా తెలియలేదా? తెలియదు.

మద్యములో మత్తు కలిగించునది ఈథైల్ ఆల్కహాలు. మిథైల్ ఆల్కహాలు దానికి తోబుట్టువు వంటిది. దీనికిని రంగు లేదు. వాసన, రుచి ఇంచుమించు ఒక్కటే. రసాయన కర్మాగారములలో దీని వాడుక మిక్కుటము; అచ్చటి నుండి దొంగదారిని సారా అమ్మువారికి చేరును. సారాకు నిప్పంటించి, మంట నీలముగా నున్నచో మంచి సరకని చెప్పువారు నేటికిని కలరు. ఈ నమ్మకము ప్రాణాంతకము. రెండు ఆల్కహాలులును నీలిమంటతోనే మండును. కడుపులోనికి పోయిన మిథైల్ ఆల్కహాలును కాలేయము క్రమముగా ఫార్మిక్ ఆమ్లముగా మార్చును. కంటినరమును దెబ్బతీయునది ఆ ఆమ్లమే. ఈ మార్పునకు గంటలు పట్టును గావున, రాత్రి త్రాగినవాడు తెల్లవారినను బాగుగనే తిరుగుచుండవచ్చును.

నాలుకకు చిక్కని ఈ భేదము వెలుగునకు చిక్కును. ద్రవముపై లేజరు కాంతిని ప్రసరింపజేసినచో, చెదరి వచ్చు కాంతిలో అత్యల్పభాగము రంగు మార్చుకొనును. ఎంత మారునది అణువు నిర్మాణమును బట్టి యుండును. దీనిని 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో కనుగొనినవారు, బాల్యమున విశాఖపట్టణములో చదివిన సి. వి. రామన్. మారిన కాంతిని వర్ణపటముగా విడదీసి చూచినచో, ఈథైల్ ఆల్కహాలుకు కొలతలో సుమారు 880 వద్ద, మిథైల్ ఆల్కహాలుకు సుమారు 1030 వద్ద గట్టి గీతలు కనబడును. వాతగుర్తును బట్టి పశువు ఎవరిదో చెప్పినట్లు, గీతను బట్టి పదార్థమును చెప్పవచ్చును. గీత ఎత్తు దాని పాలును తెలుపును.

ఈ పరీక్షకు గాజు అడ్డు కాదు. ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2017లో, చేతపట్టుకొను యంత్రముతో, మూత విప్పకయే సీసాలోని మద్యమున మిథైల్ ఆల్కహాలును గుర్తించి చూపిరి.

కల్లు విషయము వేరు. అది పాలవలె మసకగా నుండి కాంతిని చెదరగొట్టును. అందు కలుపు అల్ప్రాజోలమ్ వంటి మత్తుమందు మిల్లీగ్రాములలో నుండును. చేతియంత్రమును నమ్ముకొనక, అట్టి నమూనాను ప్రయోగశాలకు పంపవలసినదే.

ఈ యంత్రము పంచాయతీ కార్యాలయములో నుండునది కాదు. అయినను ఏ పరీక్షకైనను నమూనా వలయును. ప్రమాదము జరిగిన వాడలో భయముచే మొట్టమొదట పారబోయునది దానినే! మిగిలిన సారాను ఉన్న సీసాలోనే మూత బిగించి, పోలీసులకో ఎక్సైజు శాఖవారికో అప్పగింప జూడవలెను. ఒకరికి వాంతులు, కడుపునొప్పి, చూపు మసకబారుట కనబడినచో, అదే సారా త్రాగిన తక్కినవారు బాగున్నను ఆసుపత్రికి పంపవలెను. ఆమ్లము పేరుకొనక ముందే విరుగుడు మందు ఈయవలయును. ఆలస్యమైనచో రక్తశుద్ధి చేయవలసివచ్చును. కేసు పెట్టుదురని త్రాగిన సంగతి దాచువారు కలరు. అట్టి యింటికి సభ్యుడు స్వయముగా పోవుట మేలు. 108 వాహనమును పిలుచునప్పుడు రోగి సారా త్రాగినాడనియు, ఏ వేళ త్రాగినాడనియు స్పష్టముగా చెప్పవలెను.