పాస్‌బుక్‌లో దాక్కున్న 436 రూపాయలు

‘‘సార్, ఇంకో అప్పు ఎక్కడన్నా దొరుకుతదా?’’

బోరబండలోని ఓ చిన్న లైబ్రరీలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటూనే ఆవిడ అడిగిన మొదటి మాట అది.

నేను ఫైనాన్షియల్ ప్లానర్‌ని. వారమంతా ఐటీ ఉద్యోగులకు సిప్‌లు, ఇన్సూరెన్స్, రిటైర్మెంట్ లెక్కలు చెప్పి ఫీజు తీసుకుంటాను. నెలలో రెండు ఆదివారాలు మాత్రం మేం నలుగురం కలిసి ఆ లైబ్రరీలో కూర్చుంటాం. ఎవరైనా రావచ్చు. ఫీజు లేదు.

ఆవిడ భర్త ఆటో నడిపేవాడు. 44 ఏళ్లకే గుండెపోటుతో పోయాడు. ఆస్పత్రి ఖర్చులకు తెలిసినవాళ్ల దగ్గర తెచ్చిన అప్పు లక్షా ఇరవై వేలు. నూటికి ఐదు రూపాయల మిత్తి. అంటే నెలకు 6,000, ఏడాదికి 60 శాతం. రెండిళ్లలో పని చేస్తే వచ్చేది 14,000. ఎనిమిది నెలల్లో 48,000 కట్టింది. అసలు ఒక్క రూపాయి కూడా తగ్గలేదు!

నేనేం చేశానో తెలుసా? ల్యాప్‌టాప్ తెరిచి ఆమెకు బడ్జెట్ వేసి ఇచ్చాను. గ్యాస్ ఇంత, కిరాయి ఇంత, పిల్లాడి బస్ పాస్ ఇంత... ఆవిడ తలూపి, ఆ కాగితం మడిచి వెళ్లిపోయింది. తర్వాతి ఆదివారం రాలేదు.

కాగితాల కవర్

నెల తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఓ క్యారీబ్యాగులో వేసుకొచ్చింది. మాతో ఉండే ఓ జూనియర్ అమ్మాయి తీరిగ్గా ఒక్కోటీ తీసి చూసింది. ఆధార్, ఆర్‌సీ, కరెంటు బిల్లులు... అడుగున భర్త పాస్‌బుక్. ‘‘సార్, ఇది చూడండి’’ అంది. ఏటా మే నెలలో ఒక ఎంట్రీ: 436 రూపాయలు.

అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. 18 నుంచి 50 ఏళ్లలోపు ఖాతాదారులు చేరొచ్చు, 55 ఏళ్ల దాకా కవర్ ఉంటుంది. జూన్ 1 నుంచి మే 31 వరకు ఒక ఏడాది లెక్క. ఏ కారణంతో చనిపోయినా నామినీకి 2 లక్షలు వస్తాయి. ఖాతా తెరిచిన రోజు బ్యాంకులో పెట్టమన్నచోటల్లా ఆయన సంతకం పెట్టుంటాడు. ఇంట్లో చెప్పలేదు. బహుశా ఆయనకే గుర్తులేదేమో.

మొదటిరోజే ‘ఇంట్లో ఏం కాగితాలున్నాయమ్మా?’ అని నేను అడిగి ఉంటే ఆమెకు ఒక నెల మిత్తి, 6,000 రూపాయలు మిగిలేవి. ఆ తప్పు నాదే. అప్పటి నుంచి ల్యాప్‌టాప్ బ్యాగులోనే ఉంటోంది. ముందు కాగితాలు, తర్వాతే లెక్కలు.

‘రాసివ్వండి సార్’

బ్యాంకులో తేలిగ్గా అవ్వలేదు. ‘‘ఇన్ని నెలలయ్యాక ఎట్లయితదమ్మా?’’ అన్నారు కౌంటర్‌లో. క్లెయిమ్ త్వరగా, వీలైతే 30 రోజుల్లో పెట్టుకోవడం మంచిదే. కానీ ఆలస్యమైందని నోటిమాటతో తిప్పి పంపిస్తే ఊరుకోకూడదు. ఆవిడకు ఒకే వాక్యం నేర్పించాం: ‘‘కుదరదని కాగితం మీద రాసివ్వండి సార్.’’ ఎవరూ రాసివ్వలేదు. ఫారం, డెత్ సర్టిఫికెట్, నామినీ ఖాతా వివరాలు తీసుకున్నారు. కొన్ని వారాలకు 2 లక్షలు ఆమె ఖాతాలో పడ్డాయి.

ఆ రోజు నుంచే చుట్టాల సలహాలు మొదలయ్యాయి. ఒకరు చిట్టీ వేయమన్నారు. ఇంకొకరు ఊరి బయట ప్లాట్ అన్నారు. మేం చెప్పింది చాలా సాదా విషయం. 60 శాతం మిత్తి తినేస్తుంటే అంతకు మించి లాభమిచ్చే పెట్టుబడి ఎక్కడా దొరకదు, ముందు అప్పు తీర్చేయండి. లక్షా ఇరవై వేలు కట్టేసి, నోటు వెనక్కి తీసుకుంది. మిగిలిన 80 వేలలో 50 వేలు కొడుకు ఇంటర్ ఫీజు కోసం ఎఫ్‌డీ, 30 వేలు ఆపద కోసం సేవింగ్స్‌లో. తన పేరు మీద కూడా అదే 436 రూపాయల పాలసీ తీసుకుంది.

ఫ్రీ అంటే అనుమానమే

‘మీరేం అమ్ముతారు?’ అని చాలామంది అడుగుతారు. అడగాలి కూడా! మన దగ్గర ఉచిత సలహా చివర్లో తరచూ ఏదో ఒక పాలసీ ఉంటుంది. అందుకే మాకు మూడు రూల్స్. ఏదీ అమ్మం. డబ్బు ముట్టుకోం. పిన్, ఓటీపీ అడగం.

అమెరికాలో ఈ పద్ధతి మనకన్నా పాతది. అవసరంలో ఉన్నవాళ్లకు ఉచిత ప్లానింగ్ అందేలా చూడటానికి ఫౌండేషన్ ఫర్ ఫైనాన్షియల్ ప్లానింగ్ అనే సంస్థ 1995లోనే మొదలైంది. మన దగ్గర రిజర్వ్ బ్యాంక్ 2017లో ఆర్థిక అక్షరాస్యత కేంద్రాల ప్రాజెక్టు మొదలుపెట్టింది. మీ ప్రాంతంలో ఉందేమో బ్యాంకులో అడగండి. డబ్బు తీసుకుని పెట్టుబడి సలహా ఇచ్చేవాళ్లయితే, సెబీ వెబ్‌సైట్‌లో వాళ్ల రిజిస్ట్రేషన్ చూశాకే మాట్లాడండి.

మా దగ్గరికి మీ వయసువాళ్లూ వస్తారు. ఓ డెలివరీ తమ్ముడికి కార్డు మీద 60,000 బాకీ. నెలనెలా మినిమం డ్యూ 3,000 కడుతున్నాడు. నెలకు 3.5 శాతం వడ్డీ అంటే 2,100, దాని మీద జీఎస్టీ 378. అసలులోకి వెళ్లేది 522 రూపాయలే! ఆ లెక్క కాగితం మీద చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత కార్డు తీసి, ‘‘అన్నా, కత్తెర ఉందా?’’ అన్నాడు.

ఈ రాత్రే ఒక పని

అమ్మానాన్నల పాస్‌బుక్ తీసి చూడండి, లేదా వాళ్ల ఫోన్‌లో స్టేట్‌మెంట్. 436 కనిపిస్తే జీవన్ జ్యోతి. 20 కనిపిస్తే ప్రధానమంత్రి సురక్ష బీమా యోజన కావచ్చు, అందులోనూ ప్రమాద మరణానికి 2 లక్షలు. నామినీ ఎవరో అడిగి రాసిపెట్టుకోండి. బ్యాంకు ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, వివరాలకు 14448.

మొన్న ఆదివారం ఆవిడ మళ్లీ వచ్చింది. ఈసారి అప్పు కోసం కాదు. పక్కింటామెను వెంటబెట్టుకొచ్చింది. ఆమె చేతిలోనూ ఓ క్యారీబ్యాగు. ‘‘ఇది కూడా జర చూడండి సార్’’ అంది.