అరిగిన మోటారు సైకిలు టైరు: దాని నేమి చేయవలయును?

హైదరాబాదు, వరంగల్లు నగరముల నడుమ, రైలు మార్గము ననుసరించి, పెద్ద రహదారి ప్రక్కనున్న స్టేషన్ ఘన్‌పూర్ ప్రాంతమున మోటారు సైకిలు నేడు వ్యవసాయపు పనిముట్లలో నొకటియై పోయినది. పాల క్యాను, యూరియా బస్తా, విత్తనముల సంచి, పత్తి చేనికి మందు, బడికి బోవు పిల్లలు, అన్నియు దానిమీదనే సాగుచున్నవి. ఎద్దు కాలి నాడా అరిగినదేమో యని వంగి చూచు రైతు, తన ప్రాణమును మోయు చక్రము అరిగినదేమో యని చూచుట మాత్రము తక్కువ. కావున ఈ నెల మన సభ్యులతో అరిగిన టైరును గూర్చి నాలుగు మాటలు ముచ్చటింప దలచితిమి. దాని నెప్పుడు తీయవలయును? తీసిన పిమ్మట నేమి చేయవలయును? ఈ రెండును వేరు ప్రశ్నలు. మొదటిదానిని మరచినవాడు త్రోవలో పడును. రెండవదానిని మరచినవాడు ఊరికి కీడు తెచ్చును.

టైరుమీది గాడులు అందమునకై చెక్కినవి కావు. వానవేళ చక్రము క్రిందికి వచ్చిన నీరు ఆ గాడుల వెంట వెలికి బోయి రబ్బరు నేలను పట్టుకొనును. గాడులు అరిగినచో నీరు పోవు దారి లేక చక్రమునకును రోడ్డునకును నడుమ పలుచని పొరగా నిలుచును. అప్పుడు బ్రేకు నొక్కినను బండి నిలువదు, జారును. 1989వ సంవత్సరపు కేంద్ర మోటారు వాహనముల నియమములను బట్టి ద్విచక్ర, త్రిచక్ర వాహనముల టైర్లకు గాడి లోతు 0.8 మిల్లీమీటరుకు తగ్గరాదు. దీనిని కొలుచుటకు పరికర మక్కరలేదు. గాడి లోపల అక్కడక్కడ చిన్న గట్టువంటి రబ్బరు ముక్క లుండును. టైరు పైభాగము అరిగి అరిగి ఆ గట్లతో సమమైన దినమే దానిని తీయవలసిన దినము.

అరుగుదల తీరు గూడ మనకు బుద్ధి చెప్పును. నడుమ భాగమే అరిగినచో గాలి ఎక్కువైన దనియు, రెండంచులు అరిగినచో గాలి తక్కువైన దనియు గ్రహింపవలయును. వెనుక చక్రము బరువును మోయుచు బండిని నడుపును గనుక త్వరగా అరుగును. ముందు టైరు గాడులతో నున్నను, ప్రక్కలందు బీటలు వారినచో నమ్మరాదు. ఎండకును గాలికిని రబ్బరు గిడసబారిన దని దాని యర్థము. టైరు ప్రక్కన నాలుగంకెల గుర్తు గలదు. 2324 అని యున్నచో 2024వ సంవత్సరము ఇరువది మూడవ వారమున తయారైన దని తెలియవలయును. కొత్తది కొనునపుడు గూడ ఈ అంకెలు చూచియే రూకలు చెల్లింపుడు. అరిగిన టైరుకు కత్తితో కొత్త గాడులు చెక్కించుకొనుట కొందరికి పొదుపుగా దోచును. అట్లు చేసిన మిగిలిన పలుచని రబ్బరు తెగి, లోపలి నైలాను దారములు బయటపడి, టైరు నడిత్రోవలో పగులవచ్చును. పొదుపు చేసిన కొన్ని రూకలు ఆసుపత్రి ఖర్చులో నొక్క పూటకు చాలవు.

ఇక తీసిన టైరు సంగతి. మన యిండ్ల పెరళ్ళలో, పశువుల కొట్టముల వెనుక, పంచరు దుకాణముల ముందు అవి పడి యుండుట అందరు నెరిగినదే. వాన కురిసినచో దాని బోలులో నీరు నిలుచును. టైరు నెట్లు త్రిప్పి వేసినను ఆ నీరు పూర్తిగా పోదు, నీడ వలన త్వరగా ఎండదు. డెంగీ, చికున్‌గున్యా జ్వరములను వ్యాపింపజేయు ఏడిస్ దోమ కిట్టి చోటు మిక్కిలి యిష్టము. అది నీటి అంచుకు కొంచెము పైన లోపలి గోడకు గ్రుడ్లు నంటించును. నీరు ఎండినను ఆ గ్రుడ్లు నెలల తరబడి చావక, మరల తడి తగిలినపుడు పొదుగును. కావున నీరు పారబోసిన మాత్రమున చాలదు, లోపలి గోడను గట్టిగా రుద్ది కడుగవలయును. ఈ దోమల జాతిలో నొకటి 1985వ సంవత్సరమున అమెరికాలోని హ్యూస్టన్ నగరమున స్థిరపడినట్లు కనుగొనిరి. ఆసియా నుండి ఓడలపై వచ్చిన పాత టైర్లలోనే అది చేరిన దని శాస్త్రజ్ఞుల నిర్ణయము. సముద్రము దాటించిన టైరునకు మన పెరటినుండి పొరుగువాని యింటికి దారి చూపుట యెంత పని?

దోమల బాధ తప్పించుకొనుటకు టైరును తగులబెట్టువారు గలరు. చలి కాగుట కొకరు, అంచులోని ఉక్కు తీగ నమ్ముకొనుట కొకరు కాల్చుదురు. ఆ నల్లని పొగలో కార్బన్ మోనాక్సైడు, గంధకపు వాయువు, క్యాన్సరు కలిగించు పదార్థములు గలవు. కాలిన మసియు జిడ్డును నేలలోనికి దిగును. కుప్పగా నున్న టైర్ల కొక్కసారి నిప్పంటుకొన్నచో నార్పుట మహాకష్టము. 2016 డిసెంబరులో జాతీయ హరిత న్యాయస్థానము చెత్తను బహిరంగముగా కాల్చుటను నిషేధించి, కాల్చినవారికి 5,000 రూపాయలు, పెద్దయెత్తున కాల్చినవారికి 25,000 రూపాయలు చెల్లింప విధించినది.

రైతు చేతిలో పాత వస్తువు ఊరక పోదు. టైరు రబ్బరుతో చెప్పుల అడుగులు, బావికి బొక్కెనలు చేయుట మన యూళ్ళ కెరుకయే. మోటారు సైకిలు టైరును ముక్కలు గోసి, గేటు తగులు చోట, బండి మొగ తగులు గోడకు మెత్తగా కొట్టవచ్చును. కల్లములో టార్పాలిను లేచిపోకుండ బరువుగా నుంచవచ్చును. కాని దేనికి వాడినను నీరు నిలువకుండ రెండుగా చీల్చుటయో, నాలుగు పెద్ద రంధ్రములు చేయుటయో తప్పనిసరి. తినెడు కూరగాయలను అందులో పెంచకుండుట మేలు. టైరు తయారీలో గంధకము, జింకు మొదలగునవి చేరియున్నవి.

ఒక యింటికి ఇట్టి టైర్లు ఒకటి రెండు పనికివచ్చును. మిగిలినవి యెక్కడికి? 2022 జూలైలో కేంద్ర ప్రభుత్వము నియమములను సవరించి, పాత టైర్లను తిరిగి పనికి తెచ్చు బాధ్యతను వాటిని తయారుచేయు, దిగుమతిచేయు కంపెనీలపై మోపినది. రెండేండ్ల క్రిందట తయారైన పరిమాణములో 2022–23న నూటికి 35 వంతులు, మరుసటి యేట 70, 2024–25న నూటికి నూరు వంతులు అని లెక్క యేర్పరచినది. కంపెనీలు ఈ బాధ్యతను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలిలో నమోదైన కర్మాగారముల నుండి ధ్రువపత్రములు కొని తీర్చుకొనును. అచ్చట టైరు పొడియగును, తీగ వేరగును. ఆ పొడిని తారులో కలిపి రోడ్లు గూడ వేయుదురు. కావున మనము మూలకు నెట్టినది వట్టి చెత్త గాదు, ఒక సరకు.

అయినను ఒక్క టైరు తూకము సామాన్యముగా నాలుగైదు కిలోలకు మించదు. దానికై యెవరును పల్లెకు రారు. ఒక్క బస్తా ధాన్యముతో అంగడి కెక్కినవాడు ధర చెప్పజాలడు. నూరుగురి బస్తాలు గూడినపుడు మాట చెల్లును. సహకారమున కిదియే మూలసూత్రము గదా! నూరు టైర్లు గూడినచో మూడు నాలుగు క్వింటాళ్ళగును. ప్రతి సంఘమును తన గోదాము ప్రక్కన, ధాన్యమునకును ఎరువునకును దూరముగా, పైకప్పు గల యొక మూల నేర్పరచి, రోహిణి కార్తెలో సభ్యుల పాత టైర్లను ప్రోగుచేసి, మృగశిర ప్రవేశించు లోపల నమోదైన కర్మాగారము వారికి అప్పగింపవచ్చును. గ్రామములోని పంచరు దుకాణముల వారిని గూడ కలుపుకొన్న మరియు మేలు. వచ్చిన సొమ్ము స్వల్పమే కావచ్చును. జ్వరముతో మంచమెక్కని కూలివాని పది దినముల పని దానికంటె నెక్కువ.

రానున్న సర్వసభ్య సమావేశమున ఈ యంశమును చర్చకు పెట్టవలసినదిగా మా మనవి. అంతవరకు ప్రతి సభ్యుడును నేటి సాయంకాలము తన బండి రెండు చక్రములను, తన పెరటి మూలను ఒక్కమారు చూచుకొనుగాక.