పన్ను కాగితం పదికాలాలు నిలవాలంటే.. ప్రింటరు ఎంపికే కీలకం

కుల్చారం: ఆదాయపు పన్ను రిటర్న్ దాఖలు అంతా కంప్యూటర్ తెరపైనే పూర్తవుతోంది. వస్తు సేవల పన్ను(జీఎస్టీ) లెక్కలకూ కాగితంతో పని లేదు. అయినా పన్ను సలహాదారుల కార్యాలయాల్లో ప్రింటరు చప్పుడు మాత్రం ఆగలేదు. ఖాతాదారుడు చేతిలో కాగితం పడితేనే పని అయినట్లు భావిస్తాడు. బ్యాంకు రుణానికీ, టెండరుకూ, పిల్లల విదేశీ చదువుకూ మూడేళ్ల రిటర్న్‌ల ప్రతులు అడుగుతూనే ఉన్నారు. గడువు చివరి రోజు సాయంత్రం ప్రింటరు మొరాయిస్తే నష్టపోయేది సలహాదారు ఒక్కడే కాదు, ఆయనను నమ్ముకొని వచ్చిన పింఛనుదారు, చిన్న వ్యాపారి కూడా. అందుకే మండల స్థాయిలో ఈ వృత్తిలో ఉన్నవారు, కొత్తగా అడుగుపెట్టాలనుకునే యువకులు ప్రింటరు కొనే ముందు కొన్ని విషయాలు తెలుసుకోవడం అవసరం.

సంస్కృత కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన కోలాచల మల్లినాథ సూరి స్వగ్రామంగా కుల్చారానికి పేరుంది. ఆధారం లేనిదేదీ రాయనని ఆయన తన వ్యాఖ్యానం మొదట్లోనే చెప్పుకొన్నారు. పన్ను లెక్కకూ అదే సూత్రం వర్తిస్తుంది. రిటర్న్‌లోని ప్రతి అంకెకూ వెనుక ఒక ఆధార పత్రం ఉండాలి. ఆ పత్రం ఆరేడేళ్ల తర్వాత కూడా చదవగలిగేలా ఉండాలి. జీఎస్టీ చట్టం ప్రకారం వ్యాపారి తన లెక్కలను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల పాటు భద్రపరచాలి.

గీతలు చెదిరితే తిరస్కరణే

రిటర్న్‌ను ఆన్‌లైన్‌లో పంపినంత మాత్రాన పని పూర్తికాదు. దాన్ని ధ్రువీకరించాలి. ఆధార్‌కు అనుసంధానమైన ఫోనుకు వచ్చే ఓటీపీతో ఇది నిమిషంలో అయిపోతుంది. చిక్కంతా ఫోను నంబరు మారినవారికి, ఆధార్‌కు నంబరు అనుసంధానం కాని వృద్ధులకు ఎదురవుతోంది. వీరు ఐటీఆర్-వి అనే ఒక పుట పత్రాన్ని ముద్రించి, సంతకం చేసి, బెంగళూరు 560500 చిరునామాలోని కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రానికి తపాలాలో పంపుకోవచ్చు. ఒకప్పుడు ఇందుకు 120 రోజుల వ్యవధి ఉండేది. 2022 ఆగస్టు 1 నుంచి దాన్ని 30 రోజులకు కుదించారు.

ఈ పత్రం ముద్రణపై ఆదాయపు పన్ను శాఖ స్పష్టమైన సూచనలు ఇచ్చింది. ఇంక్‌జెట్ లేదా లేజర్ ప్రింటరునే వాడాలి. డాట్ మ్యాట్రిక్స్ వద్దు. నలుపు సిరాతో, ఏ4 తెల్ల కాగితంపై మాత్రమే ముద్రించాలి. బార్‌కోడ్, దాని కింది అంకెలు స్పష్టంగా కనిపించాలి. సంతకం అసలుదై ఉండాలి, జెరాక్సు ప్రతి చెల్లదు. బార్‌కోడ్ గీతలు అలుక్కుపోయినా, మధ్యలో తెల్ల చార పడినా అక్కడి యంత్రం చదవలేక పత్రం తిరస్కరణకు గురయ్యే ప్రమాదం ఉంది. ధ్రువీకరణ లేని రిటర్న్ దాఖలు కానట్లే లెక్క. 30 రోజులు దాటాక ధ్రువీకరిస్తే ఆ తేదీనే దాఖలు తేదీగా పరిగణిస్తారు. అప్పుడు ఆలస్య రుసుము పడుతుంది. ఆదాయం రూ.5 లక్షల లోపు ఉంటే రూ.1,000, అంతకు మించితే రూ.5,000 వరకు కట్టాలి. రావాల్సిన వాపసు సొమ్మూ ఆగిపోతుంది. ముద్రణలో ఒక చిన్న లోపం పింఛనుదారుకు ఇంత భారం తెచ్చిపెట్టగలదు.

మూడు రకాలు.. మూడు తీరులు

వ్యాట్ కాలంలో, అంటే 2005 ఏప్రిల్ నుంచి 2017 జూన్ వరకు, చాలా కార్యాలయాల్లో డాట్ మ్యాట్రిక్స్ యంత్రాలే కనిపించేవి. సన్నని సూదులు రిబ్బన్‌పై కొట్టగా అక్షరం పడుతుంది. కాగితానికి దెబ్బ తగులుతుంది కాబట్టి కార్బన్ పెట్టి ఒకేసారి మూడు ప్రతులు తీయవచ్చు. రిబ్బన్ చౌక, దుమ్మును తట్టుకుంటుంది. అందుకే రైస్ మిల్లుల్లో, వేబ్రిడ్జిల వద్ద ఇప్పటికీ దీని అవసరం ఉంది. పన్ను కార్యాలయానికి మాత్రం ఇదొక్కటే సరిపోదు. వేగం తక్కువ, చప్పుడు ఎక్కువ. పైన చెప్పినట్లు ఐటీఆర్-వికి పనికిరాదు.

రెండోది సిరా చిమ్మే రకం. చిన్న కార్ట్రిడ్జితో పనిచేసే పాత ఇంక్‌జెట్‌లు కొనేటప్పుడు చౌక, వాడేటప్పుడు ఖరీదు. సీసాతో సిరా నింపుకొనే ఇంక్ ట్యాంకు ప్రింటర్లు వచ్చాక పరిస్థితి మారింది. ఒక్కో నలుపు సీసాతో వేల పుటలు వస్తాయి. విద్యుత్తు వినియోగం చాలా తక్కువ. రంగుల్లోనూ ముద్రించుకోవచ్చు. అయితే ఇందులో రెండు ఇబ్బందులున్నాయి. వారాల తరబడి వాడకపోతే, ముఖ్యంగా ఎండాకాలంలో, సిరా ఎండి సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి. శుభ్రం చేసే ప్రతిసారీ కొంత సిరా వృథా అవుతుంది. రెండోది తడి. కొన్ని నమూనాల్లో నలుపు సిరా నీటికి కరుగుతుంది. కొనే ముందు దుకాణంలోనే ఒక పుట తీయించి, ఆరాక తడి వేలితో రుద్ది చూడాలి. అక్షరం చెదిరితే తపాలాలో వెళ్లే పత్రానికి, ఏళ్ల తరబడి దాచే దస్త్రానికి అది తగదు.

మూడోది లేజర్. ఇందులో సిరా ఉండదు. టోనర్ అనే మెత్తని పొడిని డ్రమ్ము ద్వారా కాగితంపైకి చేర్చి, సుమారు 200 డిగ్రీల వేడితో కరిగించి అతికిస్తారు. అందువల్ల అక్షరం తడికి చెదరదు. బార్‌కోడ్ గీతలు పదునుగా వస్తాయి. నెలల తరబడి వాడకపోయినా పొడి ఎండిపోయేది కాదు. 1984లో హ్యూలెట్ ప్యాకార్డ్ తొలి లేజర్‌జెట్‌ను విపణిలోకి తెచ్చిన నాటి నుంచి కార్యాలయాలు ఈ రకాన్ని ఎంచుకోవడానికి కారణం ఇదే.

రిటర్న్‌ల కాలమే అసలు పరీక్ష

పన్ను వృత్తికి పంటలాగే కాలం ఉంటుంది. జీతగాళ్ల రిటర్న్‌ల గడువు సాధారణంగా జులై 31. జీఎస్టీ నెలవారీ రిటర్న్‌లలో అమ్మకాల వివరాలకు 11వ తేదీ, పన్ను చెల్లింపు రిటర్న్‌కు 20వ తేదీ గడువు. మిగతా రోజుల్లో ఖాళీగా ఉన్న యంత్రం ఆ కొద్ది రోజుల్లో విరామం లేకుండా పనిచేయాలి. కాబట్టి ఏడాది సగటును బట్టి కాక, అత్యధిక రద్దీ ఉండే నెలను బట్టి ప్రింటరును ఎంచుకోవాలి.

ఒక చిన్న కార్యాలయాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 150 మంది ఆదాయపు పన్ను ఖాతాదారులు, ఒక్కొక్కరికి 12 పుటలు అనుకుంటే 1,800 పుటలు. 40 మంది వ్యాపారులకు నెలకు ఆరు పుటల చొప్పున ఏడాదికి 2,880 పుటలు. మొత్తం 4,680. నెలకు సగటున 390 మాత్రమే. కానీ 150 మందిలో 100 మంది జులైలోనే వస్తే ఆ ఒక్క నెలలో 1,440 పుటలు తీయాలి. తయారీదారులు ప్రకటించే నెలసరి గరిష్ఠ సామర్థ్యాన్ని చూసి మురిసిపోరాదు. అది యంత్రం తట్టుకోగల పైహద్దు మాత్రమే. సిఫారసు చేసిన నెలసరి పుటల సంఖ్య వేరుగా ఉంటుంది. ఆ సంఖ్య జులై అవసరానికి సరిపోవాలి.

కొన్న ధర కాదు.. పుట ధర చూడాలి

ప్రింటరు ధర ఒక్కసారి చెల్లించేది, టోనరు ధర ఎప్పటికీ చెల్లించేది. పై కార్యాలయానికే లెక్క వేద్దాం. ధరలు కేవలం లెక్క కోసం అనుకున్నవి. ఒక యంత్రం రూ.9,000. దాని కార్ట్రిడ్జి రూ.3,000, వచ్చేవి 1,500 పుటలు. అంటే పుటకు రూ.2. మరో యంత్రం రూ.15,000, పుటకు 60 పైసలు. మూడేళ్లలో 14,040 పుటలు తీస్తే మొదటిదానికి మొత్తం రూ.37,080, రెండోదానికి రూ.23,424 అవుతుంది. కొనేటప్పుడు రూ.6,000 ఎక్కువ పెట్టినవారికి చివరికి రూ.13,656 మిగులుతుంది. కాగితం ఖర్చు రెండింటికీ సమానం కనుక దాన్ని వదిలేశాం.

పెట్టెపై రాసిన పుటల సంఖ్య పుటలో సుమారు 5 శాతం భాగమే అక్షరాలతో నిండుతుందన్న అంచనాపై ఇచ్చేది. పట్టికలు, అంకెలు కిక్కిరిసిన లెక్కల పత్రాలకు టోనరు ఎక్కువ ఖర్చవుతుంది. యంత్రంతో పాటు వచ్చే తొలి కార్ట్రిడ్జిలో చాలాసార్లు పొడి తక్కువగా ఉంటుందన్నదీ గుర్తుంచుకోవాలి.

మళ్లీ పొడి నింపించుకోవడం మన ప్రాంతంలో మామూలే. ఖర్చు తగ్గుతుంది. కానీ డ్రమ్ము అరిగాక కూడా నింపిస్తూ పోతే పుటపై సమాన దూరాల్లో మచ్చలు, నిలువు చారలు పడతాయి. ఒక చార బార్‌కోడ్ మీదుగా పోతే చాలు, పని చెడినట్లే. నింపించిన కార్ట్రిడ్జిని సాధారణ ప్రతులకు వాడుతూ, రద్దీ నెల కోసం కొత్తది ఒకటి విడిగా ఉంచుకోవడం మేలు.

వాన, వోల్టేజీ, దుమ్ము

రిటర్న్‌ల గడువు, వానాకాలం ఒకేసారి వస్తాయి. తెరిచి ఉంచిన కాగితం కట్ట గాలిలోని తేమ పీల్చుకుంటుంది. అలాంటి కాగితం వంకర తిరిగి లోపల ఇరుక్కుంటుంది. కట్టను ప్లాస్టిక్ సంచిలో మూసి ఉంచి, ఆ రోజుకు కావలసినంతే ట్రేలో పెట్టాలి. 75 లేదా 80 జీఎస్ఎం కాగితం వాడితే ఇబ్బంది తగ్గుతుంది. దుమ్ము వల్ల కాగితాన్ని లాగే రబ్బరు రోలరు నునుపుదేరి పట్టు కోల్పోతుంది. కొద్దిగా తడిపిన మెత్తని బట్టతో అప్పుడప్పుడు తుడిస్తే కొంతకాలం నిలుస్తుంది.

విద్యుత్తు విషయంలో చాలామంది పొరపడుతున్నారు. లేజర్ ప్రింటరు వేడెక్కే క్షణంలో వందల వాట్లు లాగుతుంది. కంప్యూటరుకు వాడే చిన్న యూపీఎస్ బ్యాటరీ సాకెట్‌కు దాన్ని కలిపితే యూపీఎస్ ఆగిపోతుంది, నింపుతున్న రిటర్న్ కూడా పోతుంది. లేజర్‌ను నేరుగా గోడ సాకెట్‌కు, వోల్టేజీ రక్షణ పరికరం ద్వారా కలపాలి. కరెంటు పోయినా ముద్రణ తప్పనిసరి అనుకునేవారికి, తక్కువ విద్యుత్తుతో నడిచే ఇంక్ ట్యాంకు యంత్రం అనుకూలం.

మరమ్మతు ఎవరు చేస్తారు?

2016 అక్టోబరు 11న మెదక్ కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. అంతకుముందు జిల్లా కేంద్రం సంగారెడ్డి. కార్యాలయాలు దగ్గరికి వచ్చినా, కంపెనీల అధీకృత సేవా కేంద్రాలు ప్రతి పట్టణంలో ఉండవు. కాబట్టి కొనే ముందే మూడు ప్రశ్నలు అడగాలి. వారంటీలో మనిషి కార్యాలయానికి వస్తాడా, యంత్రాన్ని మనమే మోసుకెళ్లాలా? దగ్గరి కేంద్రం ఎక్కడ? టోనరు లేదా సిరా మెదక్ దుకాణాల్లో అదే రోజు దొరుకుతుందా? చుట్టుపక్కల కార్యాలయాల్లో ఎక్కువగా వాడే నమూనా అయితే విడిభాగాలూ దొరుకుతాయి, బాగుచేసే పనివారికీ అలవాటు ఉంటుంది.

కంప్యూటరుతో పొసగడం కూడా ముఖ్యం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కొత్త వ్యవస్థకు మారిన కార్యాలయాల్లో పాత ప్రింటర్ల డ్రైవర్లు పనిచేయకపోవచ్చు. పాత యంత్రం కొనాలనుకునేవారు తమ కంప్యూటరుకే కలిపి చూపించమని అడగాలి.

బజ్జీల బండికి చేరకుండా..

పన్ను కార్యాలయం చేతిలో ఇతరుల పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు ఉంటాయి. తప్పుగా వచ్చిన ప్రింట్లను చిత్తు కాగితాల కింద అమ్మితే అవి మిర్చి బజ్జీల పొట్లాలుగా ఊరంతా తిరుగుతాయి. వాటిని చించి లేదా కాల్చి నాశనం చేయాలి. వైఫై ప్రింటరు కొంటే కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌ను మొదటి రోజే మార్చాలి. ఖాతాదారు ఫోను నుంచి నేరుగా ప్రింటు తీసుకునే సౌకర్యాన్ని అవసరం లేనప్పుడు ఆపి ఉంచాలి.

చివరిగా..

ఎక్కువగా నలుపు ప్రతులే అవసరమై, మధ్యలో నెలల విరామం ఉండే చిన్న పన్ను కార్యాలయానికి రెండు వైపులా ముద్రించే నలుపు లేజర్ యంత్రం తగినది. దానికి స్కానరు, కాగితాలను వరుసగా లాగే పరికరం ఉంటే ఖాతాదారు తెచ్చిన పత్రాలను వెంటనే కంప్యూటరులోకి ఎక్కించుకోవచ్చు. నిత్యం ముద్రణ ఉండి, రంగులూ కావలసినవారికి ఇంక్ ట్యాంకు. కార్బన్ ప్రతులు కావలసిన మిల్లులకు డాట్ మ్యాట్రిక్స్. ఏది కొన్నా జూన్ నెలాఖరులోనే ఒకసారి వంద పుటలు తీసి పరీక్షించుకోవాలి. లోపం అప్పుడు బయటపడితే సరిదిద్దుకోవడానికి నెల సమయం ఉంటుంది. జులై 31 సాయంత్రం బయటపడితే ఆ భారం ఖాతాదారుపై పడుతుంది.