జరగని యుద్ధాన్ని ఆడిచూసే యంత్రం

కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు కారంపూడిలో పల్నాటి యుద్ధం మళ్లీ నడుస్తుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు: రోజుకో ఘట్టం. 12వ శతాబ్దంలో నాగులేటి ఒడ్డున నలగామరాజు, మలిదేవరాజు పక్షాల మధ్య సాగిన పోరును వీరాచారవంతులు వీరుల ఆయుధాలైన కొణతాలు పట్టి తలుచుకుంటారు. ఇక్కడ ఏం జరగబోతుందో అందరికీ తెలుసు. ఇంకా జరగని యుద్ధాన్ని ముందే ఆడిచూసే సిమ్యులేటర్ కథ వేరు.

అది యంత్రంగా కాక, ఆటగా పుట్టింది. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్‌విట్జ్, మ్యాపు మీద దళాల గుర్తులుగా దిమ్మలు జరుపుతూ ఆడే యుద్ధక్రీడకు నియమాలు రాశాడు. ప్రతి గుండూ తగలదు కాబట్టి పాచికలు పెట్టాడు. ఫలితం తేల్చడానికి ఒక తీర్పరిని కూర్చోబెట్టాడు.

యంత్రం వచ్చింది 1929లో. అమెరికాలో ఎడ్విన్ లింక్ తండ్రికి ఆర్గన్లు, పియానోలు చేసే కర్మాగారం ఉండేది. అక్కడి గాలితిత్తులతోనే లింక్ పైలట్ల శిక్షణకు నేల మీద ఊగే ఉత్తుత్తి విమానం తయారుచేశాడు. మొదట్లో సైన్యం పట్టించుకోలేదు. 1934లో టపా మోసే పని నెత్తినేసుకున్న సైనిక పైలట్లు చెడు వాతావరణంలో వరసగా చనిపోయాక, ఆరు యంత్రాలు కొన్నది.

తర్వాత తిత్తుల పని కంప్యూటర్లు అందుకున్నాయి. 1993లో హైదరాబాద్‌లో మొదలైన జెన్ టెక్నాలజీస్ సైన్యానికి, పోలీసులకు ఇలాంటి సిమ్యులేటర్లు తయారుచేస్తోంది. తుపాకి శిక్షణలో గుండుకు బదులు లేజర్ కిరణం తెర మీద పడుతుంది. అది ఎక్కడ తగిలిందో కెమెరా పసిగడుతుంది. దూరం, గాలి లెక్కకట్టి అసలు గుండు ఎక్కడ పడేదో కంప్యూటర్ చెబుతుంది. తూటా ఖర్చు లేదు, ప్రాణభయం లేదు. గురి ఎక్కడ తప్పిందో అప్పటికప్పుడే తెలిసిపోతుంది.

అయితే వ్యూహం దగ్గరికి వచ్చేసరికి చిక్కంతా తీర్పరితోనే. 1942లో మిడ్‌వే దీవి మీద దాడికి ముందు జపాన్ నౌకాదళం బల్ల మీద ఆ యుద్ధం ఆడింది. ఆటలో అకాగి, కాగా అనే రెండు విమానవాహక నౌకలు మునిగాయి. అడ్మిరల్ ఉగాకి తీర్పు మార్చించి, తగిలిన బాంబుల లెక్క తగ్గించాడు. ఆ జూన్‌లో అసలు యుద్ధంలో ఆ రెండూ, మరో రెండూ సముద్రం పాలయ్యాయి.

సిమ్యులేటర్ ఎంత ఖరీదైనదైనా, అది చూపిన ఓటమిని ఒప్పుకోలేని సేనాని చేతిలో వట్టి ఆటవస్తువే.