ఎలుకకు జుట్టొచ్చింది.. మనకెప్పుడు?

తలస్నానం చేశాక బాత్రూమ్ జాలీలో జుట్టు చూసి గుండె గుభేల్‌మందా? కంగారు పడకండి. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. రాలిన చోట వచ్చేవి మరీ సన్నబడుతుంటేనే ఆలోచించాలి.

మా ఆఫీసు టీ బ్రేకుల్లో ఎప్పుడూ ఇదే టాపిక్. ఒకరు బోరు నీళ్లని తిడతారు, ఇంకొకరు నైట్ షిఫ్టుల్ని. సంబంధాలు చూస్తున్నవాళ్లయితే ఏ యాడ్ కనిపించినా నొక్కేస్తున్నారు. ఆ యాడ్స్‌లో కొత్త మాటలు ఎక్సోజోమ్, ఆర్ఎన్ఏ థెరపీ. నేను డాక్టర్ని కాదు, కోడ్ రాసుకునేవాణ్ని. అయినా ఈ ఆర్ఎన్ఏ కథ నాకు భలే నచ్చింది.

కోడ్ కాదు, సెట్టింగ్స్!

మన డీఎన్ఏలో సుమారు 300 కోట్ల అక్షరాలుంటాయి. ప్రొటీన్లకు కోడ్ ఉన్నది అందులో 2 శాతం లోపే. మిగతాదాన్ని ఒకప్పుడు 'జంక్' అనేశారు. కానీ అక్కడి నుంచీ ఆర్ఎన్ఏ తయారవుతుంది. ప్రొటీన్‌గా మారదు కాబట్టి దాన్ని నాన్‌కోడింగ్ ఆర్ఎన్ఏ అంటారు. వీటిలో బుల్లివి మైక్రో ఆర్ఎన్ఏలు. జీన్ పంపే మెసేజ్‌కు అతుక్కుని, ప్రొటీన్ తయారీని తగ్గించేస్తాయి. 1993లో ఓ చిన్న పురుగులో వీటి గుట్టు విప్పిన విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ వచ్చింది.

జుట్టుతో లింకేంటి?

కుదురు పెరగడానికి 'వింట్' అనే సిగ్నల్ కావాలి. 2020లో అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు కుదురు అడుగున ఉండే కణాలను పెంచి, అవి వదిలే బుల్లి బుడగలను పరీక్షించారు. వాటినే ఎక్సోజోమ్‌లంటారు. వాటిలోని మిర్-218-5పి అనే మైక్రో ఆర్ఎన్ఏ, వింట్‌కు అడ్డుపడే ప్రొటీన్‌ను తగ్గించింది. ఎలుకల్లో జుట్టు పెరిగింది.

ఇంకో దారి కూడా ఉంది. మగవాళ్ల బట్టతలలో డీహెచ్‌టీ హార్మోన్ వల్ల కుదుళ్లు కుంచించుకుపోతాయి. ఆ హార్మోన్ మాట వినే రిసెప్టర్‌ తయారీనే చిన్న ఆర్ఎన్ఏ ముక్కలతో తగ్గించాలన్నది ప్లాన్. ఇదేం ఊహ కాదు. ఓ అరుదైన నరాల జబ్బుకు ఇలాంటి ఆర్ఎన్ఏ మందు 2018లోనే వచ్చింది.

క్లినిక్‌లో అమ్మేదేంటి మరి?

పెళ్లిచూపులు దగ్గరపడ్డాయని మా టీమ్‌మేట్ ఈఎంఐ మీద ఎక్సోజోమ్ ప్యాకేజీ తీసుకోబోయాడు. తోడుగా నేనూ వెళ్లా. "ఇందులో ఏ ఆర్ఎన్ఏ ఉంది సార్? ఎంతమంది మీద టెస్ట్ చేశారు?" అని అడిగితే బిఫోర్, ఆఫ్టర్ ఫొటోలు చూపించారు. ఇద్దరం లేచి వచ్చేశాం. అనుమతి లేని ఎక్సోజోమ్ ప్రొడక్ట్స్ గురించి అమెరికా ఎఫ్‌డీఏ 2019లోనే హెచ్చరించింది. టెస్టింగ్ పూర్తికాని బిల్డ్‌ని మనం ప్రొడక్షన్‌లో పెట్టం కదా, తల మీద ఎందుకు పెట్టుకోవాలి?

ఇప్పుడేం చేయాలి?

ముందు చర్మ డాక్టర్‌కు చూపించండి. మగవాళ్ల బట్టతలకు మినాక్సిడిల్ 1988 నుంచి, ఫినాస్టెరైడ్ 1997 నుంచి అమెరికాలో అనుమతి ఉన్న మందులు. సైడ్ ఎఫెక్ట్స్ ఉంటాయి కాబట్టి సొంతంగా వాడొద్దు. గుండ్రంగా ప్యాచ్‌లుగా ఊడితే అది వేరే సమస్య, దానికి మందులూ వేరే. ఏదైనా సరే, కుదురు బతికుండగానే వెళ్లాలి. ఆర్ఎన్ఏ మందు రేపు నిజంగా వచ్చినా, అది పనిచేయడానికి అక్కడ కుదురంటూ మిగలాలి కదా!